గుమ్మానికి కట్టమన్న ఆకు

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే తరవాత జరిగినదాంట్లో దాని వాటా కూడా ఉంది. ముప్ఫై ఏళ్ళకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పాను. పిల్లలు నా వెనక నన్నేమని పిలిచేవారో నాకు తెలుసు, ఇక్కడ రాయను. రిటైరయ్యాక ఆ కోపమంతా మా ఆయన ఒక్కరి మీదే పడింది. ఆయన రైల్వే టికెట్ కౌంటర్లో కూర్చుని రిటైరైన మనిషి. ఎంత పొడుగు క్యూ ఉన్నా, ఎవరెంత అరిచినా "ఎక్కడికి బాబూ?" అని మెల్లగా అడిగే అలవాటు. ఆ అలవాటుతోనే నన్నూ నెట్టుకొచ్చారు.

ఆయనకు ఉబ్బసం. పెళ్ళిచూపులప్పుడు జలుబన్నారు. నలభై ఏళ్ళయింది, ఆ జలుబు తగ్గలేదు. మాది కాకినాడ పక్క. ఉద్యోగాల కోసం వచ్చి అల్వాల్‌లో స్థిరపడ్డాం. వానాకాలం వస్తే చాలు, ఆయన మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి, ముందుకు వంగి ఒక్కో ఊపిరీ లాగుతుంటారు. డాక్టరుగారి మాత్రలు, ఇన్‌హేలర్ అన్నీ నడుస్తున్నాయి. అవి లేకపోతే ఏనాడో పోయేవారు. కానీ మొన్నటి వానాకాలం అవి కూడా చాలలేదు. నిద్ర కరువైంది, కళ్ళ కింద గుంటలు పడ్డాయి. ఒకరోజు పొద్దున్నే కాఫీ తాగుతూ, "ఈసారి పోతానేమోనే" అన్నారు, కూరలో కారం ఎక్కువైందన్నంత మామూలుగా. "నోర్ముయ్యండి" అన్నాను. లోపలికెళ్ళి సింకు దగ్గర నిలబడి ఏడ్చాను.

ఆ వారంలోనే రెజిమెంటల్ బజార్‌లో పూలు కొంటుంటే ఆయనకు ఆయాసం వచ్చింది. ఎప్పుడూ మాకు పూలమ్మే ఆవిడే గంప పక్కకు జరిపి, తను కూర్చున్న పీట ఆయనకిచ్చింది. అరవై దాటి ఉంటాయి, నుదుట రూపాయంత బొట్టు, చేతులు ఎప్పుడూ పసుపు. అప్పటిదాకా మూర ఎంతమ్మా అనడం తప్ప ఆవిడతో నేను మాట్లాడిందే లేదు, మా ఇంటి కబుర్లన్నీ చెప్పేది మా ఆయనే.

"పిల్లికూతలు ఇనొస్తున్నయ్ సారూ నీ ఛాతీల. ఊపిరి గుంజకు. ముందుగాల ఇడువు. ఇడిస్తేనే కదా లోపలికొచ్చేది" అంది. ఆయన ఇన్‌హేలర్ పీల్చి, ఆవిడ చెప్పినట్టే వదిలారు. కాస్త సర్దుకున్నాక ఆవిడ నావైపు తిరిగింది. "ఆదివారం పొద్దుగాల బన్సీలాల్‌పేట తీస్కరా టీచరమ్మా. బావి కాడ శివసత్తి ఇల్లేదంటే ఎవలైనా చెప్తరు. గా పీల్చే పంపు సుత తెచ్చుకోండ్రి, మర్వకుండ్రి."

బోనాలప్పుడు ఒళ్ళంతా పసుపు రాసుకుని, అమ్మవారు ఒంటి మీదికొచ్చి ఊగే ఆడవాళ్ళను ఇక్కడ శివసత్తులంటారు. మా వాళ్ళకు అదంతా టీవీలో చూసే విషయం. నేనైతే ఛానల్ మార్చేదాన్ని. అలాంటిదాన్ని ఆ ఆదివారం ఆటో ఎందుకెక్కానంటే, ఇంకేం చెయ్యాలో తెలియక. మా ఆయన మాత్రం సరదాగానే బయల్దేరారు. కొత్త చోటు చూడటం ఆయనకిష్టం.

బాగుచేసిన మెట్లబావి వెనక సందులో ఒకటే గది ఇల్లు. గోడకు ఎల్లమ్మ పటం, గుమ్మానికి వేపమండలు. మూల ఆవిడ మరిది జమిడిక పట్టుకుని కూర్చున్నాడు. ఎల్లమ్మ పాటలకు వాయించే వాద్యం అది, ఒక్క తీగతో గది గోడలు దద్దరిల్లిస్తుంది. ఆవిడ మా ఆయన్ని గుమ్మం పక్కన, గాలి తగిలే చోట కూర్చోబెట్టింది. తను లోపల నిప్పుల మూకుడు ముందు కూర్చుంది. నిప్పుల మీద మైసాచి వేసింది, మేం గుగ్గిలం అంటాం. దాని మీద ఎండిన ఆకు నలిపి చల్లింది.

"ఏం ఆకమ్మా అది?" అన్నాను. ఎగ్జామ్ హాల్లో అడిగే గొంతే వచ్చింది నాకు.

"ఉమ్మెత్త. నిన్న పొద్దుగూకంగ చెట్టు కాడికి పోయి, పసుపుదారం గట్టి, అడిగొచ్చిన. ఇయ్యాల పొద్దుగాల తెంపిన కొత్తాకు గా తట్టల ఉంది. ఇది పోయిన వారంది, ఎండింది."

చెట్టును అడగడమేమిటో నేను అడిగేలోపే ఆవిడ పొగ మీదికి వంగింది. కొంగు కప్పుకుని ఆ పొగంతా తనే పీల్చింది. మా ఆయనదాకా వచ్చింది మైసాచి వాసన మాత్రమే. జమిడిక వేగం పెరిగింది. ఆవిడ ఊగడం మొదలుపెట్టింది. కళ్ళు ఎటో చూస్తున్నాయి. లేచి వచ్చి మా ఆయన ఛాతీ మీద అరచెయ్యి ఆనించి, ఆవిడది కాని గొంతుతో, "నా ఊపిరితోని రా" అంది. ఆవిడ పీలిస్తే ఆయన పీల్చారు, వదిలితే వదిలారు. చాలాసేపు అలాగే. ఆయన ఊపిరి మెల్లగా, పొడుగ్గా అయింది. ఆయన భుజాలు దిగాయి. ఆ భుజాలు దిగడం నేను చూసి ఎన్నాళ్ళయిందో!

తరవాత ఆవిడ పెరట్లోకెళ్ళి వాంతి చేసుకుంది. వెలుతురు చూడలేక కళ్ళు మూసుకుని చాపమీద పడిపోయింది. నోరెండిపోయి మాట రావట్లేదు. మరిది మజ్జిగ గ్లాసు నోటికందిస్తే రెండు చేతులతో కూడా పట్టుకోలేకపోయింది. నేనదంతా చూశాను. చూసి ఏమనుకున్నానంటే, వీళ్ళ హంగామా ఇంతే అనుకున్నాను. జబ్బేమో మా ఆయనది, మందేమో ఆవిడ పీల్చింది! లోకంలో ఎక్కడైనా ఉందా ఈ చోద్యం?

వచ్చేస్తుంటే మరిదిచేత పచ్చి ఆకుల కట్ట ఒకటి, తన ఫోన్ నంబరు రాసిన చీటీ ఇప్పించింది. చాపమీంచే గొణిగింది. "మీ గుమ్మానికి గట్టు. మీ ఇంటి గాలి తగిలి ఎండాలె. వచ్చే ఆదివారం తీస్కరా, నేనే కాలుస్త. ముట్టుకుంటే చేతులు కడుక్కో. ఇంట్ల ఎవల్నీ నోట్ల పెట్టనీకు, సమజైందా?" తలూపాను. క్లాసులో వెనక బెంచీ వాళ్ళు ఊపినట్టు.

ఆ రోజు మా ఆయన మధ్యాహ్నం పడుకుని సాయంత్రం దీపాలు పెట్టేవేళకు లేచారు. ఇన్ని రోజులకు నిద్ర. నాలుగు రోజులు బాగున్నారు. శుక్రవారం ముసురు పట్టింది, ఆయాసం మళ్ళీ మొదటికొచ్చింది. ఇన్‌హేలర్ రెండుసార్లు, మూడుసార్లు. నాకు భయమేసింది. భయమేస్తే నాకు కోపమొస్తుంది. కోపమొస్తే లెక్కలొస్తాయి.

శనివారం పొద్దున్న వంటింట్లో నిలబడి నేను వేసిన లెక్క ఇది. గదంతా పొగ. అందులో ఆయనకు దక్కింది ఏ వందో వంతో. ఆ కాస్తకే నాలుగు రోజులు నిద్రపట్టింది. మరి పొగగా ఊదిపారెయ్యకుండా ఆకునే లోపలికి పంపితే? మా నాయనమ్మ ఉబ్బసానికి ఉమ్మెత్త మంచిదనడం చిన్నప్పుడు విన్నాను. ఎలా వాడాలో వినలేదు. పైగా మా ఇళ్ళల్లో ఆకన్నది కనిపిస్తే దాన్ని పప్పులోనో పచ్చడిలోనో వెయ్యాలి, ఇంకో ఆలోచనే రాదు. చింతచిగురు నుంచి మునగాకు దాకా మాకు రోట్లో పడనిది లేదు. గుమ్మానికి వేలాడుతున్న కట్టలోంచి కాస్త తుంచి, కడిగి, గోంగూరతో కలిపి వేయించి రుబ్బాను. ఇంగువ దండిగా వేశాను. చేతులు మాత్రం శుభ్రంగా కడుక్కున్నాను, ఆవిడ చెప్పింది కదా! అంత తెలివి నాది.

నాకు శనివారం ఉపవాసం. ఆయనొక్కరే తిన్నారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగారు. నావైపు చూశారు. "ఏం?" అన్నాను. "ఏం లేదు, బావుంది" అని మిగతాది తినేశారు.

రెండు దాటాక చెంబుతో నీళ్ళు, ఇంకో చెంబు నీళ్ళు. మొహం ఎర్రగా కాలిపోతోంది. కళ్ళలో నల్లగుడ్డు పెద్దదై కంటినిండా నిండిపోయింది. కర్టెన్ దగ్గరికెళ్ళి నిలబడ్డారు. "ఎక్కడికి బాబూ? కాకినాడకా? రెండు ఫుల్లూ ఒక హాఫూ" అంటూ గాల్లోంచి టికెట్లు చించి కర్టెన్‌కి ఇవ్వడం మొదలుపెట్టారు. నేను చెయ్యి పట్టుకుంటే, "లైన్లో రండమ్మా" అన్నారు. నలభై ఏళ్ళ కాపురంలో నన్ను గుర్తుపట్టకపోవడం అదే మొదలు. దేవుడా, ఏం చేశానురా అనుకున్నాను.

పక్కింటివాళ్ళ సాయంతో ఆటో ఎక్కించాను. ఆటోలో ఆయన టికెట్లు ఇస్తూ, కిటికీలేని చోట కిటికీ మూస్తూనే ఉన్నారు. పూలావిడకు ఫోన్ చేశాను. "మా ఆయనకు ఏదో అయింది, ఆసుపత్రికి తీసుకెళ్తున్నా" అన్నాను.

"ఏమైంది? పరేషాన్ గాకు, చెప్పు. టికెట్లు గిట్ల ఇస్తున్నడా, లేని మనుషులతోని మాట్లాడుతున్నడా?" వెనక నుంచి ఆయన గొంతు ఆవిడకు వినిపిస్తూనే ఉంది. "టీచరమ్మా, ఆకు ఏడుంది?"

ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని బయటికి చూశాను.

"ఏ దవాఖాన?" అంది. చెప్పాను. ఫోన్ పెట్టేసింది.

క్యాజువాలిటీలో ఒక చిన్న డాక్టరమ్మ. నా దగ్గర చదువుకున్న పిల్లల వయసుంటుంది. పక్షవాతమేమో, మెదడుకు స్కాన్ తియ్యాలంది. "ఏం తిన్నారు ఆంటీ?" అని అడిగింది. "గోంగూర పచ్చడి, పెరుగన్నం" అన్నాను. అబద్ధం కాదు. అంతకంటే పాపం. "ఇంకేమీ లేదా? ఏదైనా మందు, నాటు వైద్యం?" మళ్ళీ అడిగింది. చుట్టూ జనం. పక్కింటాయన నిలబడి ఉన్నాడు. లెక్కల టీచరు శివసత్తి ఇచ్చిన ఆకు మొగుడికి రుబ్బి పెట్టిందని ఆ నలుగురూ వింటారన్న సిగ్గు నా నోరు నొక్కేసింది. "లేదు" అన్నాను. ఆయన ప్రాణం అక్కడ మంచం మీద కొట్టుకుంటుంటే నేను నా పరువు చూసుకున్నాను. ఇది రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఆయన్ని స్కాన్‌కు తోసుకెళ్తుండగా పూలావిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. చెప్పుల్లేవు, చేతుల్లో ఇంకా పూల దారం. ఆయన కళ్ళు ఒక్కసారి చూసి, డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఉమ్మెత్తాకు. కడుపులకు పోయింది. నేనే ఇచ్చిన. జల్ది జూడు బిడ్డా, నాతోని తర్వాత కొట్లాడుదువు."

అంతే, ఆ గది మారిపోయింది. స్కాన్ ఆగింది. డాక్టరమ్మ కేకలు వేసింది, నర్సులు ఉరికారు, ఇంజెక్షన్లు, ముక్కులోంచి గొట్టం. నన్ను బయటికి పంపేశారు. విషం కేసు కాబట్టి ఆసుపత్రిలో ఉండే కానిస్టేబుల్ రాసుకోవడానికి వచ్చాడు.

"ఎవరిచ్చిండ్రు?"

"నేనే" అంది ఆవిడ, గోడకానుకుని కింద కూర్చుని.

"ఎన్నేండ్ల సంది చేస్తున్నవ్ గీ పని? స్టేషనుకు నడువ్."

ఆవిడ నావైపు చూడలేదు. అది నాకు బాగా గుర్తుంది. ఆకు తినబెట్టింది నేనేనని ఆవిడకు తెలుసు. ఒక్క మాట అంటే చాలు. అనలేదు. లేచి నిలబడి కొంగు దోపుకుంది, నిజంగానే వెళ్ళిపోవడానికి.

"ఆగండి" అన్నాను. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే పక్క వార్డు వాళ్ళు తొంగిచూశారు. "ఆవిడ గుమ్మానికి కట్టుకోమని ఇచ్చింది. నోట్లో పెట్టొద్దని మరీ మరీ చెప్పింది. పచ్చడి చేసింది నేను. వడ్డించింది నేను. డాక్టరమ్మ రెండుసార్లు అడిగితే లేదన్నదీ నేనే. కాగితం ఇవ్వండి, నేనే రాసిస్తాను."

రాశాను, వరసగా, స్టెప్పులన్నీ వదలకుండా. కానిస్టేబుల్ చదివి, "టీచరై ఉండి గిట్లెట్ల చేసిండ్రు మేడమ్?" అన్నాడు. పక్కింటాయన నేల చూపులు చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది. పూలావిడ పక్కనే కూలబడి, "అక్కా, నన్ను క్షమించు" అన్నాను. అన్నాకగానీ తెలియలేదు, ఆవిడను అంతవరకు ఏమమ్మా అనే పిలిచానని. ఆవిడ పసుపు చేత్తో నా మొహం తుడిచింది. "ఏడువకు. గట్టి మనిషి సారు. ఒడ్డున పడ్తడు" అంది. ఆ సాయంత్రమంతా నా పక్కనే కూర్చుంది.

ఒడ్డున పడ్డారు. మర్నాటికి మనిషి తేటపడ్డాడు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఆవిడ రాకపోయుంటే నేను మెదడులో వెతుక్కుంటూ కూర్చునేదాన్ని ఆంటీ" అంది. తిట్టినా బావుండేది.

మా ఆయన కానిస్టేబుల్‌తో ఇది మా ఇంటి పొరపాటు, ఎవరి మీదా ఫిర్యాదు లేదని సంతకం పెట్టారు. అతను వెళ్ళాక నేనడిగాను. "అంత చేదుగా ఉంటే ఎందుకు తిన్నారండీ? ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"చెప్తే నువ్వు అరుస్తావని" అన్నారు. నెమ్మదిగానే అన్నారు, నిష్ఠూరం కూడా లేదు. ఆ మాట నన్ను ఎక్కడ కొట్టిందో ఆయనకు తెలియదు. ఆకులో విషం సగమైతే ఆయన్ని తినేట్టు చేసిన విషం నా నోట్లో ఉంది. అప్పటి నుంచి పచ్చడి ఎలా ఉందని నేనే అడుగుతున్నాను. మొదట్లో ఆయన నమ్మలేదు. ఈమధ్య ధైర్యంగా ఉప్పెక్కువ అంటున్నారు. కోపమొస్తోంది, మింగుతున్నాను.

రెండు వారాలు పోయాక అక్క ఫోన్ చేసింది. "శనివారం పొద్దుగూకంగ రా. చెట్టుకు చెప్పుకోవాలె నువ్వు" అంది. ఎందుకని అడగలేదు. వెళ్ళాను.

రైలుపట్టాల పక్కన ప్రహరీగోడ వెంబడి, ఎవరూ చూడని చోట మొలిచిన మొక్క. తెల్లటి గొట్టాల్లాంటి పూలు, ముళ్ళకాయలు. లోకల్ రైలు ఒకటి పోయేదాకా ఇద్దరం ఆగాం. అక్క పసుపు పూసిన దారం నా చేతిలో పెట్టింది. "ఎప్పుడూ నేనే గడ్తా. ఇయ్యాల నువ్వు గట్టు. గట్టి, ఎవలికోసమో చెప్పి, ఆకు అడుగు. అడగకుండ తీసుకున్నది మందు గాదు."

వంగి దారం చుడుతూ, మనసులో ఉన్నది అడిగేశాను. "అక్కా, ఆ రోజు నేను నోరు తెరవకపోతే నువ్వు స్టేషనుకు పోయేదానివా?"

"పోదును. ఏముంది?"

"తప్పు నాది కదా!"

"ఆకు నాది గదా టీచరమ్మా. గీ మందుల బాగుచేసేదుంటది, ఇసం సుత ఉంటది. గందుకే ముందుగాల నేను తాగుత. ఇసం నాకాడ ఆగాలె, మంచిదే మీదాకా రావాలె. మా అత్త నాకు గిట్లనే నేర్పింది." ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది. "గా దినం పొగకు బదులు పోలీసోని మాటయింది. ఫరక్ ఏముంది?"

చాపమీద పడి మజ్జిగ గ్లాసు పట్టుకోలేకపోయిన ఆ రెండు చేతులూ గుర్తొచ్చాయి నాకు. హంగామా అనుకున్నాను. పెరట్లో వాంతి చేసుకున్నది మా ఆయన విషాన్నని, ఇన్నాళ్ళూ ఎవరెవరిదో విషాన్నని నాకు తట్టనేలేదు. ఆసుపత్రిలో ఆ సాయంత్రమే చిన్న డాక్టరమ్మ అక్క నాడి కూడా చూసి, ఈ వయసులో ఈ పొగ నీ గుండె తట్టుకోదని చెప్పింది. అక్క నవ్వి ఊరుకుంది.

ముడి వేశాను. మొక్కతో మాట్లాడటం నాకు రాదు, అయినా మాట్లాడాను. "అక్క పొగకని అడిగి తెచ్చిన నీ ఆకును, నిన్ను అడగకుండా మా ఆయనకు పచ్చడి చేసి పెట్టాను. తప్పయింది" అన్నాను. అక్క వెనక నుంచి, "ఊఁ, ఇగ ఆకు అడుగు. రేపు పొద్దుగాల తెంపుదం" అంది.

"అడగను."

"ఏందీ?"

"ఆయన నిన్ననే చెప్పారు అక్కా. 'నాకు ఇన్‌హేలర్ ఉంది, మీ అక్క అరచెయ్యి ఉంటే చాలు, పొగ వద్దు' అన్నారు. రేపు మీ మరిదిని జమిడిక వాయించమను, నువ్వు ఊపిరి తీయించు. నిప్పుల మీద మైసాచి ఒక్కటే."

"దారం గట్టినంక తెంపకుంటే చెట్టు ఏమనుకుంటది?"

"అనుకోనీ" అన్నాను. మొక్క వైపు తిరిగి, "మా కోసం రేపు ఎవరూ తాగక్కర్లేదు. నీ ఆకులు నీకే ఉంచుకో" అని చెప్పాను.

అక్క గోడ పట్టుకుని మెల్లగా పట్టాల పక్కనే కూర్చుంది. "ఇన్నేండ్లల్ల నాకోసం ఎవలూ చెట్టు కాడ అడగలే" అంది.